వేసవిలో ఆఫీసు బూట్లు: కడప ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మార్చి నెలాఖరుకే ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, 43, 44 కూడా ఇక్కడివారికి కొత్త కాదు. ఆఫీసులో ఏసీ ఉన్నా, ఇంటి నుంచి అక్కడిదాకా ఉన్న దారికి ఏసీ లేదు. బ్యాంకుల్లో, బీమా కార్యాలయాల్లో, కలెక్టరేటులో, కోర్టు ఆవరణలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారు పాదరక్షల గురించి అడిగే ప్రశ్నలకు, చాలా ఏళ్ళు ఇదే ఊళ్ళో బూట్లు వేసుకుని ఉద్యోగం చేసిన అనుభవంతో రాసిన జవాబులివి. కర్నూలు, అనంతపురం ఉద్యోగులకు కూడా ఇందులో దాదాపు అన్నీ వర్తిస్తాయి.

ఎండ ఇంతగా ఉన్నప్పుడు ఆఫీసుకు చెప్పులు వేసుకుని వెళితే తప్పా?

తప్పు అనలేము గాని, మన దగ్గర చెప్పులంటే ఇంటికి, బజారుకు, గుడికి సంబంధించినవన్న భావన బలంగా ఉంది. గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళే వస్తువును కాళ్ళకు వేసుకుని పై అధికారి గదిలోకి వెళ్ళడం చాలామందికి ఇప్పటికీ మర్యాదగా అనిపించదు. కౌంటర్ వెనక కూర్చున్నంతసేపు కాళ్ళు బల్ల కింద ఉంటాయి గనుక ఎవరూ పట్టించుకోరు. అదే మనిషి లేచి సమీక్షా సమావేశానికి నడిచినప్పుడు, ఆయన కంటే ముందు ఆయన చెప్పుల టపటప చప్పుడు గదిలోకి చేరుతుంది.

నియమం రాసిపెట్టి ఉన్న చోట వాదనకు తావు లేదు. రాసి లేని చోట, సమావేశం ఉన్న రోజున మీ పై అధికారి ఏం వేసుకొస్తున్నారో రెండు మూడు సార్లు గమనించి, దానికి దగ్గరగా ఉండేది ఎంచుకోండి. కాలి వేళ్ళు, మడమ రెండూ మూసి ఉంటే ఏ ఆఫీసులోనూ ఎవరూ వేలెత్తి చూపరు. వెనక పట్టీ ఉన్న తోలు శాండిల్స్‌కు కొన్ని ప్రభుత్వ కార్యాలయాల్లో అభ్యంతరం చెప్పరు గాని, ప్రైవేటు బ్యాంకుల్లోనూ, ఇంటర్వ్యూల్లోనూ అవి పనికిరావు. న్యాయవాదుల సంగతి వేరే చెప్పాలి: సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, అయినా ఆ సడలింపును కాళ్ళదాకా దించుకున్న వకీలును నేను ఇంతవరకు చూడలేదు.

తోలు బూట్లు వేడి చేయవా? గుడ్డ బూట్లే నయం కదా?

దీనికి జవాబు కాస్త పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే బూట్ల కొనుగోలులో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

కాలిని ఉడకబెట్టేది తోలు కాదు, బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిపోయిన చెమట. ఒంట్లో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. అసలైన తోలు ఆ తేమను కొంత తనలోకి పీల్చుకుని, నెమ్మదిగా బయటి గాలికి వదులుతుంది. రెక్సిన్‌కు పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది గనుక తేమ అక్కడే ఆగిపోయి, మధ్యాహ్నానికి సాక్సు తడిసి పాదానికి అతుక్కుంటుంది. అద్దంలా మెరిసే పేటెంటు తోలు పేరుకు తోలే అయినా, దాని మీది పూత మందం వల్ల వేసవిలో రెక్సిన్‌కు తోబుట్టువే.

వై.వి. స్ట్రీట్‌లో ఒక దుకాణంలో బూట్లు చూస్తున్నప్పుడు, అమ్మే కుర్రవాడు జేబులోంచి లైటరు తీసి, మంటను బూటు ముందు భాగానికి ఒక్క క్షణం తగిలించి, "చూడండి సార్, కాలదు, ఒరిజినల్ లెదర్" అన్నాడు. నిజంగానే కాలలేదు. నేను ఆ బూటులోకి చెయ్యి పెట్టి వేళ్ళు ఉండే చోట తడిమి చూస్తే, లోపలి అస్తరు అంతా నున్నటి ప్లాస్టిక్ గుడ్డ. లోపలి అట్ట మీద అతికించినది కూడా అదే. పైన తోలు, లోపల ప్లాస్టిక్ ఉన్న బూటు ఎండాకాలంలో రెక్సిన్ బూటుకంటే పెద్దగా మెరుగేమీ కాదు, ఎందుకంటే చెమటకు ముందు తగిలేది లోపలి అస్తరే. బూటు పైభాగం ఆఫీసు కోసం, లోపలి భాగం మన కాలి కోసం. మనవాళ్ళు పైభాగపు మెరుపు చూసి కొంటారు, నేనైతే మొదట లోపలికి చెయ్యి పెట్టి చూడమంటాను.

తడిమినా తెలియకపోతే బూటు నాలుక వెనకనో, లోపలి పక్కనో, అడుగునో చిన్న బొమ్మలు అచ్చువేసి ఉన్నాయేమో వెతకండి. ఎగుమతికి కూడా తయారుచేసే కంపెనీల జతల మీద ఇవి తరచుగా కనిపిస్తాయి. పరిచిన జంతుచర్మం ఆకారం ఉంటే తోలు, అల్లిక గడులు ఉంటే గుడ్డ, వట్టి డైమండు ఆకారం ఉంటే మరేదో పదార్థం అని అర్థం. పైభాగానికి, లోపలి అస్తరుకు, అడుగు సోల్‌కు విడివిడిగా ఈ గుర్తులు ఉంటాయి. మనం చూడవలసింది రెండోది.

ఇక గుడ్డ బూట్ల సంగతి. గాలి ఆడే మాట నిజమే. కాని మన రోడ్ల దుమ్ము అల్లికలోకి దిగితే ఒక పట్టాన వదలదు, రెండు నెలలకే రంగు మాసిపోతుంది, ఇస్త్రీ ప్యాంటు కింద అవి ఆటబూట్లలాగే కనిపిస్తాయి. శనివారాలకు సరే, సోమవారం అర్జీలు తీసుకునే రోజుకు కాదు.

నల్ల బూట్లు ఎండను ఎక్కువ లాగుతాయంటారు. రంగు మార్చాలా?

ముదురు రంగు ఎండలో త్వరగా వేడెక్కడం నిజమే గాని, ఆఫీసు మనిషి బూటు మీద నేరుగా ఎండ పడేది బండి మీద ఉన్న కాసేపే. నల్లది ఏ ప్యాంటుకైనా కుదురుతుంది, ముదురు గోధుమ రంగు నీలం, బూడిద రంగు ప్యాంట్ల మీద బాగుంటుంది. వేడి భయంతో లేత పసుపు రంగు బూట్లు కొంటే, గేరు మరకలు, దుమ్ము గీతలు దాచడం మీ వల్ల కాదు.

లేసులున్నవి మంచివా, లోఫర్లా?

పొద్దున తొమ్మిదికి ఉన్న పాదం సాయంత్రం అయిదుకు ఉండదు. వేడికి, కూర్చునే ఉండడానికి కొంత ఉబ్బుతుంది. లేసులున్న బూటును మధ్యాహ్నం కాస్త వదులు చేసుకోవచ్చు. అందులోనూ లేసు రంధ్రాలున్న రెండు రెక్కలు పైకి తెరుచుకునే డెర్బీ రకం, రెక్కలు కింద కుట్టి ఉండే ఆక్స్‌ఫర్డ్ కంటే ఎక్కువ సర్దుకుంటుంది. లోఫరుకు ఆ వీలు లేదు. పొద్దున సరిపోయినది సాయంత్రం పిండుతుంది, సాయంత్రానికి సరిపోయేది కొంటే పొద్దున మడమ దగ్గర జారుతుంది. అయినా విడవడం, వేసుకోవడం తేలిక గనుక, మధ్యలో నమాజుకో, గుడికో వెళ్ళివచ్చేవారికి లోఫరే అనుకూలం. మృదువైన తోలుది, లోపల అస్తరు పలుచగా ఉన్నది చూసుకోండి. బకిల్ ఉన్న మాంకు స్ట్రాప్ ఈ రెంటికీ మధ్యరకం.

కొల్హాపురి చెప్పులు సంప్రదాయమే కదా, వాటిని ఎందుకు ఒప్పుకోరు?

వస్తువులో లోపం లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాల కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల బెరడు, కాయలతో పదును చేసిన తోలు కావడం వల్ల ఎండకు అవి హాయిగా ఉంటాయి. పంచెకట్టుతో, కుర్తాతో ఉగాది రోజున ఆఫీసుకు వేసుకుని రండి, అందరూ మెచ్చుకుంటారు. ఇస్త్రీ ప్యాంటు, టక్కు చేసిన చొక్కాకు మాత్రం అవి జతపడవు.

సోల్ ఎలాంటిది ఉండాలి? వేసవిలో సోల్ ఊడిపోతుందంటారు, నిజమేనా?

మధ్యాహ్నం పూట తారురోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. అంత వేడికి అడుగు అతికించిన జిగురు మెత్తబడి, ముందు వేళ్ళ దగ్గర సోల్ నోరు తెరుస్తుంది. దీనికి మన దగ్గర పాత మందు ఒకటుంది: కొత్త బూట్లను మొదటి రోజే చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకువెళ్ళి, సోల్ చుట్టూ దారంతో కుట్టు వేయించడం. ఆరెతో రంధ్రం పొడిచి, మైనం పూసిన దారం లాగి బిగిస్తాడు. ఆ కుట్టు గాడిలో దిగి ఉండేలా వేయమని అడగండి, పైకి తేలిన కుట్టు నేలకు రాసుకుని నెలలోపే తెగిపోతుంది.

ఇక పట్టు సంగతి. ఇక్కడి ఆఫీసుల వరండాల్లో, మెట్ల మీద ఎక్కువగా కడప నాపరాయో, కర్నూలు వైపు అయితే బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. ఏళ్ళ తరబడి నడిచి నునుపెక్కిన నాపరాయి, పొద్దున తడిగుడ్డ పెట్టిన వేళ సబ్బు బిళ్ళతో సమానం. వట్టి తోలు సోల్, గట్టి ప్లాస్టిక్ సోల్ రెండూ దాని మీద జారుతాయి. రబ్బరు సోల్ గాని, వేలితో నొక్కితే కొద్దిగా లొంగి, అడుగున సన్నని గాళ్ళు ఉన్న టీపీఆర్ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) సోల్ గాని ఎంచుకోండి.

పీయూ, అంటే పాలీయురెథేన్ అనే నురుగు ప్లాస్టిక్ సోల్ తేలికగా, మెత్తగా ఉంటుంది, కాని దానికి ఒక చెడ్డ గుణం ఉంది. నాకు పెళ్ళికి కొన్న ఒక జతను అపురూపంగా అట్టపెట్టెలో దాచి, మూడేళ్ళ తరవాత ఒక ముఖ్యమైన సమావేశానికి తీశాను. చూడడానికి కొత్తవే. గదిలోకి వెళ్ళి కూర్చున్న పది నిమిషాలకు అటెండరు వచ్చి, "ఎవరో బొగ్గు తొక్కి వచ్చినట్టున్నారు సార్" అంటూ నేల తుడవడం మొదలుపెట్టాడు. తలుపు నుంచి నా కుర్చీదాకా నల్లటి రవ్వలు వరసగా పడి ఉన్నాయి. సమావేశం అయ్యేసరికి ఎడమ సోల్ సగం లేదు. గాలిలోని తేమ, వేడి కలిసి పీయూను లోలోపలే విరగగొడతాయి. వాడినా వాడకపోయినా దానికి వయసు మీదపడుతుంది. అందుకే పీయూ సోల్ ఉన్న జతను దాచుకోవడానికి కొనకండి, వేసుకోవడానికి కొనండి.

సైజు ఎలా చూసుకోవాలి? కొత్త బూటు కరిస్తే ఏం చేయాలి?

సాయంత్రం పూట, ఆఫీసుకు వేసుకునే సాక్సులతోనే వెళ్ళి కొనండి. రెండు కాళ్ళకూ వేసుకుని, నిలబడి చూడాలి. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది, ఆ పాదానికే సైజు తీసుకోవాలి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత జాగా మిగలాలి. చిన్నప్పటినుంచి చెప్పులతోనో, ఉత్త కాళ్ళతోనో తిరిగిన మనవాళ్ళలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. అలాంటివారు వెడల్పు చాలక పెద్ద సైజు తీసుకుంటే పొడవు ఎక్కువై మడమ జారుతుంది, జారే మడమే బొబ్బలెక్కుతుంది. సైజు పెంచే బదులు, ముందు భాగం గుండ్రంగా ఉన్న మోడల్ అడగండి. దుకాణంలో పరిచిన మెత్తటి తివాచీ మీద కాకుండా గచ్చు మీద నాలుగడుగులు వేయండి.

కరిచే బూటుకు మడమ అంచు లోపలివైపు కొబ్బరినూనె రాసి రాత్రంతా ఉంచడం మన ఇళ్ళలో తెలిసిన పనే. తోలు అయితే మెత్తబడుతుంది, రెక్సిన్‌కు ఫలితం ఉండదు. వారం రోజులు సాయంత్రం ఒక గంట ఇంటి దగ్గరే వేసుకుని తిరిగాక ఆఫీసుకు తీసుకువెళ్ళండి.

సాక్సులు లేకుండా వేసుకోవచ్చా?

వద్దు. చెమట నేరుగా అస్తరులోకి దిగుతుంది, అక్కడి నుంచి వాసనను ఎవరూ బయటికి తీయలేరు. సాక్సు కనిపించకూడదనుకుంటే లోఫరు అంచుకు దిగువనే ఆగిపోయే పొట్టి సాక్సులు దొరుకుతాయి. మడమ దగ్గర లోపలివైపు రబ్బరు పట్టీ ఉన్నవి తీసుకోకపోతే అవి నడుస్తూ నడుస్తూ అరికాలి కిందికి ముడుచుకుంటాయి. వట్టి నూలు సాక్సు చెమటను పీలుస్తుంది గాని త్వరగా ఆరదు, నూలుతో కొంత నైలాన్ కలిసినది ఆరుతుంది. బ్యాగులో ఒక జత ఉంచుకుని భోజనం వేళ మార్చుకుంటే, మిగతా సగం రోజు కొత్త కాళ్ళతో పనిచేసినట్టు ఉంటుంది. తెల్ల సాక్సులు బడిపిల్లలకు వదిలేయండి.

మెట్టెలు పెట్టుకున్నవారికి ముందు మూసిన చెప్పులు ఎలా కుదురుతాయి?

బూట్ల దుకాణంలో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, అమ్మేవారికి ఆ బాధ తెలియదు గనుక. మా ఇంట్లో ఆఫీసుకు వెళ్ళేవారు చెప్పిన సంగతులివి.

బెల్లీస్ అని పిలిచే ముందు మూసిన చదును చెప్పుల్లో చాలావాటికి ముందు భాగం సన్నగా, కోసుగా ఉంటుంది. అది వేళ్ళను దగ్గరికి నొక్కినప్పుడు రెండో వేలి మెట్టె బొటనవేలిలోకి గుచ్చుకుంటుంది. పొద్దున తెలియదు, వేళ్ళు ఉబ్బాక, మూడు గంటల వేళ బల్ల కింద చెప్పు విడిచి కూర్చోవలసివస్తుంది. ఇంకొక ఇబ్బంది చెప్పు పై అంచుతో వస్తుంది. అంచు సరిగ్గా మెట్టె మీదికే వస్తే, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మెట్టెను కిందికి నొక్కుతుంది. అందుచేత కొనేటప్పుడు అంచు మెట్టెకు కనీసం ఒక వేలి మందం వెనక ఉందో లేదో చూసుకోవాలి, ముందు భాగం గుండ్రంగానో చదరంగానో ఉండాలి. పువ్వు, రాయి పొదిగిన మెట్టెలు లోపలి అస్తరును నెల రోజుల్లో చింపుతాయి. ఆఫీసు రోజులకు సాదా చుట్టు మెట్టెలు మేలు. వేలు ఎర్రబడి నొప్పిగా ఉంటే, కొన్నాళ్ళు ముందు తెరిచి, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకోవడానికి ఏ అధికారీ కాదనరు, అడగడమే ఆలస్యం. కాళ్ళకు మువ్వల పట్టీలు పెట్టుకునేవారు చీలమండ చుట్టూ బకిల్ ఉన్న రకానికి దూరంగా ఉండండి, మువ్వ బకిల్‌లో ఇరుక్కుంటుంది.

చీరకు మడమ ఎంత ఎత్తు ఉండాలి?

ఒక అంగుళం, ఒకటిన్నర అంగుళం వెడల్పాటి మడమ రోజంతా నిలబడనిస్తుంది. సన్నని మడమ నాపరాయి బండల సందుల్లో దిగుతుంది, పైగా ఆ టకటక శబ్దం హాలు మొత్తానికి వినిపిస్తుంది. చదును చెప్పులతో స్కూటీ మీద వచ్చి ఆఫీసులో మడమ చెప్పులకు మారేవారికి చీర అంచు పైకి లేచినట్టు కనిపిస్తుంది, అందుకే రెండు జతల ఎత్తు దాదాపు ఒకటే ఉండాలి. కుచ్చిళ్ళు దోపుకునేది ఆఫీసు చెప్పులు వేసుకునే అయితే ఇంకా మంచిది. ఇంట్లో చెప్పులేమిటని అత్తగారు అంటే కింద ఒక పేపరు పరుచుకోండి.

బండి మీద వచ్చేవారు, బస్సులో వచ్చేవారు ఏం చేయాలి?

ప్రొద్దుటూరు, రాయచోటి, జమ్మలమడుగు వైపు నుంచి రోజూ కడపకు బస్సులో వచ్చేవారికి దారికి ఒక జత, ఆఫీసుకు ఒక జత ఉండడమే సుఖం. ఆఫీసు జతను అక్కడే బీరువాలో గుడ్డ సంచిలో ఉంచుకోవచ్చు. ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టవద్దు. గేరు బండి నడిపేవారి ఎడమ బూటు పైభాగం గేరు రాడ్డు తగిలి చారలు పడుతుంది. రాడ్డుకు రబ్బరు తొడుగు వేయించడానికి అయ్యే ఖర్చు ఒక పాలిష్ డబ్బా పాటి. చెప్పులతో గేరు బండి నడపడం వేళ్ళకు మంచిది కాదు గనుక దారి జత కూడా ముందు మూసినదే అయి ఉండాలి. ఎండలో నిలిపిన కారులో, స్కూటీ డిక్కీలో బూట్లు వదిలితే సాయంత్రానికి జిగురు కరుగుతుంది.

వాసన పోవడం లేదు. ఎండలో ఆరబెట్టవచ్చా?

నేరుగా ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది. ఇంటికి రాగానే లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుక బయటికి లాగి, పాత దినపత్రికను ఉండచుట్టి లోపలికి కూరి, నీడలో ఫ్యాను గాలికి పెట్టండి. గంట తరవాత ఆ కాగితం తీసి చూస్తే తడిగా చేతికి తగులుతుంది. ఇంకో కాగితం మార్చండి. ఒక రోజు చెమట ఒక్క రాత్రిలో పూర్తిగా ఆరదు గనుక, ఒకే జతను రోజూ వేసుకోకుండా రెండు జతలను రోజు మార్చి రోజు వాడితే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. వేళ్ళ మధ్య చర్మం తెల్లగా నాని, దురద పెడుతుంటే అది బూటు సమస్య కాదు, చర్మ వైద్యునికి చూపించవలసిన ఫంగస్.

షుగరు ఉన్నవారు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

అరికాలిలో స్పర్శ తగ్గినవారికి బూటు కరిచినా తెలియదు, బండ కాల్చినా తెలియదు. ముందు మూసి, వెడల్పుగా, లోపల కుట్లు తగలకుండా ఉన్నదే వేసుకోవాలి. వేసుకునే ముందు ప్రతిసారీ బూటును బోర్లించి దులిపి, లోపల చేత్తో తడిమి చూసుకోవాలి. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అట్ట ఉన్న పాదరక్షలను వైద్యులు రాసిస్తారు, అవి ఇప్పుడు బూటు ఆకారంలో కూడా దొరుకుతున్నాయి. దేవుని కడప గుడికి వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నపు రాతి ప్రాంగణంలో ఉత్త కాళ్ళతో నడవకండి.

ఎంత ఖర్చు పెట్టాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. హద్దుకు కాస్త అటువైపు ఉన్న జతకు పన్ను మొత్తం ధర మీద పడుతుంది గనుక, 2,600 దగ్గర ఉన్నదానికంటే 2,400 దగ్గర ఉన్నది చూడడం లాభం. ఒకే ఖరీదైన జత కంటే, లోపల తోలు అస్తరు ఉన్న మధ్యరకం రెండు జతలు వేసవికి ఎక్కువ పనికివస్తాయన్నది నా అభిప్రాయం.

వేసవి అయ్యాక బూట్లను ఎలా దాచాలి?

తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక క్రీము పాలిష్ పలుచగా రాయండి. దుమ్ము మీదే పాలిష్ వేస్తే మడత దగ్గర గట్టిపడి పగులుతుంది. లోపల కాగితం కూరి, గుడ్డ సంచిలో పెట్టి, నేలకు కాస్త ఎత్తులో ఉంచండి. జూన్‌లో మొదటి వాన పడ్డాక ఒకసారి బయటికి తీసి, సోల్‌ను రెండు చేతులతో వంచి చూడండి; సన్నని పగుళ్ళు కనిపిస్తే, సమావేశం లేని రోజున వేసుకుని అరగదీసేయండి.